డిస్కస్ చేపలకు 200 లీటర్ల తొట్టా, 400 లీటర్లదా?

డిస్కస్ పెంచాలనుకునేవారు చాలామంది ఈ రెండింటి మధ్యే ఊగిసలాడతారు. నా మొగ్గు పెద్దదానికే.

అమెజాన్ నదీ పరీవాహకానికి చెందిన ఈ చేప ఎదిగితే 15 సెంటీమీటర్లు దాటుతుంది. ఒంటరిగా ఉంచితే బెదిరిపోతుంది. కనీసం అయిదారు కలిసి ఉండాలి, లేకపోతే బలమైనది బలహీనమైనదాన్ని మూలకు తరిమి మేత అందనివ్వదు. ఎదిగిన చేపకు 40 లీటర్ల చొప్పున లెక్క వేస్తే 200 లీటర్ల తొట్టి అయిదింటితోనే నిండిపోతుంది. 400 లీటర్లలో ఎనిమిదింటిని ఉంచినా ఇంకా వెసులుబాటు మిగులుతుంది.

అసలు తేడా నీటిలో ఉంది. డిస్కస్‌కు 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. వెచ్చని నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది, మిగిలిన మేత త్వరగా కుళ్లుతుంది. చిన్న తొట్టిలో ఒక పూట మేత ఎక్కువైనా చేపలకు విషమైన అమ్మోనియా చటుక్కున పెరుగుతుంది. అదే పొరపాటు రెట్టింపు నీటిలో సగానికి పలచబడుతుంది. హీటర్ ఆగిపోయినా పెద్ద తొట్టి నెమ్మదిగా చల్లబడుతుంది, సరిదిద్దుకునే వ్యవధి దొరుకుతుంది.

అయితే చిన్నదాన్ని తీసిపారేయలేను. సగం నీళ్లు మార్చాలంటే దానికి 100 లీటర్లు చాలు. రోజూ నీళ్లు మార్చాల్సిన చేపపిల్లలకు, గుడ్లు పెట్టే జంటకు అదే అనువు. పుట్టిన కొత్తలో పిల్లలు తల్లిదండ్రుల ఒంటిపై ఊరే జిగురునే తింటాయి. మరీ విశాలమైన చోట అవి దారితప్పవచ్చు.

బరువు మరవకండి: 400 లీటర్ల నీరే 400 కిలోలు. ఏ తొట్టికైనా లోతు 45 సెంటీమీటర్లకు తగ్గకూడదు.