స్పానిష్ అంతంతమాత్రమే, అయినా మపూచే పల్లెలో బస

చిలీ దక్షిణాన, అక్కడి మూలవాసులైన మపూచేల ఊళ్లు చూడాలంటే అందరూ ముందు పుకోన్ పట్టణం పేరే చెబుతారు. వియారికా అగ్నిపర్వతం, సరస్సు, ఇంగ్లీషొచ్చిన గైడ్లు అన్నీ అక్కడే మరి. అక్కణ్నుంచి ఓ ఏజెన్సీ వాళ్లతో కురరేవే వైపు పగటి టూరు వెళ్లాం. భోజనం, మగ్గం, ఫొటోలు, మళ్లీ వ్యాన్. భాష ఇబ్బంది లేదు గానీ, మాటలన్నీ గైడుతోనే. వీలుంటే టెముకో నగరం మీదుగా బుడి సరస్సుకి వెళ్లి, యాగెపుయి లాంటి పల్లెలో రాత్రి ఉండండి.

శాంతియాగోలో రాత్రి బస్సెక్కితే పొద్దుటికి టెముకో. పల్లె బస్సుల స్టాండు వేరే ఉంటుంది, ప్యూర్తో సావేద్రా వైపు బస్సులు అక్కడే. ఆదివారం వెళ్తే తిరుగు బస్సు సంగతి ముందే కనుక్కోండి.

బస వాట్సాప్‌లో మాట్లాడుకోవడమే మేలు. చిలీ వాళ్ల మాట వేగానికి ఫోన్లో నాకు సగం కూడా అందదు; రాతలోనైతే అనువాదం యాప్ గట్టెక్కిస్తుంది. రాత్రి భోజనం, వేణ్నీళ్లు, బాత్రూమ్ ఎక్కడ, అన్నీ రాయించుకోండి. శాకాహారులు 'మాంసం వద్దు' అని ఊరుకుంటే కోడి రావచ్చు. కోడి, చేప, హామ్ పేరుపేరునా వద్దనాలి.

రుకా అంటే గడ్డి కప్పిన పెద్ద ఇల్లు, వాకిలి తూర్పుకి, పొయ్యి నట్టనడుమ. పొగకి కళ్లు మండుతాయి, బట్టలు ఉతికినా వాసన ఓ పట్టాన వదలదు. నిప్పుల బూడిదలో కాల్చిన రొట్టెని దులిపి, మెర్కేన్ అద్దుకుని తింటే మాత్రం ఆ పొగంతా మర్చిపోతాం. ఎండుమిరప పొగబెట్టి, ధనియాలు, ఉప్పు కలిపి దంచిన పొడి అది. మన నాలుకకి కారం పెద్ద లెక్క కాదు, ఆ పొగ వాసనే రుచి. మాతే అనే ఆకు టీ గిన్నె చేతికొస్తే తాగి ఇచ్చినవాళ్లకే తిరిగివ్వాలి. ఇచ్చేటప్పుడు 'గ్రాసియాస్' (థాంక్స్) అన్నామా, ఇక చాలన్నట్టే.

వంటింట్లో, మగ్గం దగ్గర సైగలతో నెట్టుకొచ్చేయొచ్చు. నేల గురించి మాటొస్తే కుదరదు. 1861 నుంచి 1883 దాకా చిలీ సైన్యం ఈ నేలని ఆక్రమించిన తీరు, ఇప్పటి పైన్, యూకలిప్టస్ తోటల తగాదాలు ఇంటావిడ చెబుతుంటే యాప్ చేతులెత్తేసింది. డబ్బు ఆదా చేయాలంటే ఇంకెక్కడైనా చేయండి, ఆ ఒక్క సాయంత్రానికి మాత్రం దుబాసీని మాట్లాడుకోండి.

మాచి (మపూచేల పూజారి, వైద్యురాలు) చేసే పూజలు, రెవే (ఆ పూజల పవిత్ర స్తంభం) దగ్గర అడక్కుండా ఫొటో తీయొద్దు. సిగ్నల్‌ని నమ్ముకోకుండా అనువాదం యాప్‌లో స్పానిష్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పెసోలు టెముకోలోనే తీసుకోండి, నేత దుప్పట్లు చూశాక చేయి ఊరుకోదు.