ఎడిసన్‌లో మా వీధి చివరి పెట్రోలు బంకు

తొమ్మిదేళ్లుగా పెట్రోలు ఇక్కడే పోయించుకుంటున్నాను. న్యూజెర్సీలో ఎవరి కారుకు వారే పోసుకోవడానికి 1949 నాటి చట్టం ఒప్పుకోదు. జనవరి చలిలో కారు దిగకుండా అద్దం దించి డబ్బు అందిస్తే చాలు, నాకది ఎంతో ఊరట. కార్డుకన్నా నగదుకు గ్యాలనుకు కొన్ని సెంట్లు తక్కువ తీసుకుంటారు.

ఒక ఏప్రిల్‌లో ధర ఎందుకు పెంచారని కోపంగానే అడిగాను. యజమాని పని ఆపి మరీ వివరించారు. చలికాలపు పెట్రోలులో చవకైన బ్యూటేన్ అనే వాయువును ఎక్కువ కలుపుతారట. దానివల్ల చలిలోనూ ఇంజను తేలిగ్గా అందుకుంటుంది. ఎండల్లో అదే ఆవిరై గాలిని పాడుచేస్తుంది. అందుకే జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఆవిరి తక్కువగా వచ్చే రకమే అమ్మాలి. దాని తయారీకి ఖర్చెక్కువ. పైగా వసంతంలో శుద్ధి కర్మాగారాలు మరమ్మతులకు ఆగుతాయి, ఆ వెంటనే సెలవుల ప్రయాణాలు మొదలవుతాయి.

కొనేవారికి ఇంత ఓపికగా చెప్పే బంకు నాకు మరొకటి కనబడలేదు. అప్పటినుంచి మా దూరప్రయాణాలను వీలైనంతవరకు అక్టోబరుకు మార్చుకున్నాం. టైర్లలో గాలి నింపే యంత్రం మాత్రం తరచూ పనిచేయదు, దాన్ని బాగుచేయించాలి.