పలాస జీడిపప్పు ఆఫీసు సర్వర్‌లో డిస్కు జాగా లెక్క చూపే ఎన్‌సీడీయూ (ncdu): నాలుగు సీజన్ల వాడకం

2022 ఏప్రిల్. ఉద్దానం జీడి పిక్కలు దిగుతున్న రోజులు. పలాసలో మా ఫ్యాక్టరీ గేటు ముందు మూడు వ్యాన్లు ఆగి ఉన్నాయి. 80 కిలోల బస్తాలు కాటా అయిపోయాయి, చీటీ మాత్రం రావడం లేదు. బిల్లింగ్ చూసే అమ్మాయి సేవ్ కొట్టిన ప్రతిసారీ డిస్క్ ఫుల్ అని వస్తోంది. ఒక డ్రైవరు కిటికీ దగ్గరకొచ్చి, "ఏటి బాబూ, ఇంకెంతసేపు? మళ్లీ సోంపేట ఎల్లాలి" అన్నాడు. లోపల నేను చేతికి దొరికిన ఫైలల్లా తీసేస్తూ కూర్చున్నాను. ఆ పూట గంటన్నర పాటు చీటీలు చేత్తో రాసి పంపాం.

నేను ఇక్కడ అకౌంట్స్ చూస్తాను, సర్వర్ బాధ్యత కూడా నాదే. అది మామూలు టవర్ మిషను. లైనక్స్ మీద సాంబా షేరు, అంటే ఆఫీసు కంప్యూటర్లన్నీ నెట్‌వర్క్‌లో వాడుకునే ఫోల్డరు. బిల్లింగ్ డేటా, స్కాన్ చేసిన ఇన్‌వాయిస్‌లు, కాటా కెమెరా ఫొటోలు, పార్టీలకు పంపే గ్రేడింగ్ ఫొటోలు అన్నీ అందులోకే వస్తాయి. అప్పట్లో ఉన్నది 1 టీబీ డిస్కు.

ఆ రోజు నన్ను ముందుగా తికమక పెట్టింది డిస్కు ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ (df) కమాండ్. మొత్తం 916 జీబీ, వాడింది 870, అయినా 100 శాతం అంటోంది. మిగతా 46 ఎక్కడికి పోయాయో అర్థం కాలేదు. లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేసినప్పుడు డిస్కులో 5 శాతం రూట్ (అడ్మిన్ యూజరు) కోసం పక్కన పెట్టేస్తుందని, సాంబా ద్వారా వచ్చే మామూలు యూజర్లకు అది అందదని తర్వాత తెలిసింది. డేటా డిస్కుకు అంత అవసరం లేదు. ట్యూన్2ఎఫ్‌ఎస్ (tune2fs) కమాండ్‌తో 1 శాతానికి తగ్గించుకోవచ్చు. ఆ ఒక్క మార్పుతో అప్పటికి ఊపిరి ఆడింది.

ఆ సాయంత్రమే ఎన్‌సీడీయూ వేసుకున్నాను. యోరాన్ హెలింగ్ రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, 2007 నుంచి ఉంది. పెద్ద హంగేమీ లేదు. నల్ల స్క్రీన్ మీద ఫోల్డర్లన్నీ పెద్దవి పైన, చిన్నవి కింద వరసగా వస్తాయి. బాణం గుర్తులతో లోపలికి వెళ్లొచ్చు, బయటికి రావచ్చు. మా పాత హార్డ్ డిస్కు మీద తొమ్మిది లక్షల ఫైళ్లు లెక్కపెట్టడానికి దానికి 25 నిమిషాలు పట్టింది. పూర్తయ్యాక మొదటి వరసలోనే సమాధానం కనబడింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రోజూ రాత్రి తన డేటా మొత్తాన్ని ఆ రోజు తేదీతో కొత్త ఫోల్డరులో కాపీ చేస్తోంది, పాతది ఒక్కటీ తీయడం లేదు. ఒక్కో కాపీ 1.4 జీబీ, అలాంటివి 380. అంటే 530 జీబీ పైనే, డిస్కులో సగానికి మించి. ఆ సాఫ్ట్‌వేర్ పెట్టిన వాళ్లు ఈ సంగతి మాకెప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

పాత కాపీలు తీసేశాక, అక్కడితో సమస్య తీరిపోయిందనుకున్నాను. తీరలేదు. మూడు నెలలకు మళ్లీ 80 శాతం దాటింది. ఎన్‌సీడీయూ తెరిస్తే పెద్ద ఫోల్డర్లన్నీ కనబడుతున్నాయి కానీ, అవన్నీ ఎప్పుడూ పెద్దవే. కాటా ఫొటోలు 200 జీబీ ఉంటే ఉండనీ, అవి ఉండాల్సినవే. నాకు కావాల్సింది పోయిన వారానికీ ఈ వారానికీ మధ్య ఎక్కడ పెరిగిందన్నది. రెండు రోజుల లెక్కలను పోల్చి చూపించే సౌకర్యం ఎన్‌సీడీయూలో లేదు. ఈ నాలుగు సీజన్లలో నాకు అందులో కనబడిన పెద్ద లోటు ఇదే.

అందుకని చెప్పిన టైముకి పనులను తనంతట తానే నడిపే క్రాన్‌లో రెండు పనులు పెట్టుకున్నాను. రాత్రి 2 గంటలకు డీయూ (du) కమాండ్ రెండు లెవెళ్ల లోతు వరకు ఫోల్డర్ల సైజులు తీసి, తేదీ పేరుతో ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో రాస్తుంది. తర్వాత ఓ పాతిక లైన్ల స్క్రిప్టు దాన్ని ఏడు రోజుల కిందటి ఫైలుతో పోల్చి, 2 జీబీ కన్నా ఎక్కువ పెరిగినవి మాత్రం ఉదయం ఎనిమిదిన్నరకు నాకు మెయిల్ పంపుతుంది. చాలా రోజులు మెయిల్ ఖాళీగానే వస్తుంది. ఖాళీ మెయిల్ కూడా రావాలనే పెట్టాను. రాకపోతే స్క్రిప్టే ఆగిపోయిందని తెలుస్తుంది.

2023 ఆగస్టులో ఒక ఉదయం అందులో ఒక్కటే లైను ఉంది: స్కాన్‌ల ఫోల్డరు, 41 నుంచి 58. వారంలో 17 జీబీ. ఏడాదంతా కలిపినా అది అంత పెరిగిన ఫోల్డరు కాదు. లోపలికి వెళ్లి చూస్తే అన్నీ టిఫ్ (TIFF) బొమ్మ ఫైళ్లు, ఒక్కోటి 104 ఎంబీ. ఆ వారమే కొత్త స్కానర్ వచ్చింది. అది 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), కలర్, కంప్రెషన్ లేకుండా అనే సెట్టింగ్‌తో ఉంది. ఏ4 కాగితం ఆ లెక్కన అడ్డంగా 4960, నిలువుగా 7016 చుక్కలు, చుక్కకు మూడు బైట్లు. గుణిస్తే సరిగ్గా ఆ 104 ఎంబీయే వస్తుంది. సుమారు 160 కాగితాలకే 17 జీబీ పోయింది. 200 డీపీఐ, గ్రే, పీడీఎఫ్‌కి మార్చాక కాగితం అర ఎంబీ కూడా దాటడం లేదు, ఇన్‌వాయిస్ మీద అంకెలు శుభ్రంగా చదవొచ్చు. వారం తిరక్కుండా పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. ఆర్నెల్ల తర్వాత తెలిసి ఉంటే అన్నిటినీ మార్చడానికి ఎంత తంటా పడాల్సి వచ్చేదో.

శనివారం రాత్రుళ్లు మాత్రం ఎన్‌సీడీయూ చేతనే పూర్తి స్కాన్ చేయించి, -o ఆప్షన్‌తో ఫలితాన్ని ఫైలుగా దాచి, జీజిప్‌తో కుదిస్తాను. దాన్ని విప్పి -f ఆప్షన్‌తో ఎప్పుడు తెరిచినా, మళ్లీ స్కాన్ చేయకుండా ఆ రోజు డిస్కు ఎలా ఉందో అలాగే చూపిస్తుంది. మెయిల్‌లో అనుమానం వస్తే పాత శనివారం ఫైలు ఒక కిటికీలో, కొత్తది ఇంకో కిటికీలో తెరిచి పక్కపక్కన చూస్తాను. లోటును ఇది కొంత పూడ్చింది. ఈ సౌకర్యం చాలామంది వాడరు. తప్పకుండా వాడండి.

ఎన్‌సీడీయూను నమ్ముకుని మోసపోయే చోటు ఒకటుంది. ఒకసారి కెమెరా సర్వీసు లాగ్ ఫైలు 60 జీబీ ఉంటే తీసేశాను. ఎన్‌సీడీయూలో మాయమైంది కానీ డీఎఫ్‌లో ఒక్క ఎంబీ కూడా తగ్గలేదు. టెన్షన్ పడిపోయి సర్వర్ రీస్టార్ట్ చేద్దామా అనుకున్నాను. సంగతేమిటంటే, ఆ ఫైలును సర్వీసు ఇంకా తెరిచే ఉంచింది. పేరు పోయినా జాగా విడుదల కాదు. తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌ఓఎఫ్ (lsof) కమాండ్‌తో వెతికితే అలాంటివి దొరుకుతాయి. సర్వీసు ఒక్కటి ఆపి మళ్లీ మొదలుపెడితే 60 జీబీ వెనక్కి వచ్చింది. ఇప్పుడైతే అలాంటి లాగ్‌ను తీసేయను, లోపల ఉన్నదాన్ని ఖాళీ చేస్తాను. డీఎఫ్ ఒకటి, ఎన్‌సీడీయూ ఇంకొకటి చెబితే ముందు చూడాల్సింది దీన్నే.

సాంబా రీసైకిల్ ఫోల్డరు కూడా అలాంటిదే. షేరులో స్టాఫ్ తీసేసినవన్నీ చుక్కతో మొదలయ్యే ఆ ఫోల్డరులోకి వెళ్తాయి, బిల్లింగ్ కంప్యూటర్లలో అది కనబడదు. "అన్నీ తీసేశాం సార్, అయినా తగ్గలేదు" అని వాళ్లు చెప్పేది నిజమే. ఎన్‌సీడీయూ దాన్ని దాచకుండా చూపిస్తుంది. నెల దాటినవి తీసేసేలా క్రాన్‌లో పెట్టాను.

ఎన్‌సీడీయూలో డి (d) అక్షరం గురించి ఓ జాగ్రత్త. అది నొక్కితే ఉన్న ఫోల్డరు ఉన్నట్టు పోతుంది. ముందు అడుగుతుంది నిజమే, కానీ ఆ అడిగే చోటే మళ్లీ అడగొద్దు అనే ఎంపిక కూడా ఉంది. నేను ఎప్పుడూ -r ఆప్షన్‌తో, అంటే చూడటానికి మాత్రమే తెరుస్తాను. తీయాల్సింది ఉంటే బయటికొచ్చి, పేరు రెండుసార్లు చదివి తీస్తాను. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలు ఉంచాలి. మా దగ్గర పాత సంవత్సరాలు బయటి డిస్కులోకి వెళ్తాయి తప్ప చెత్తలోకి వెళ్లవు.

స్కాన్ చేసేటప్పుడు -x ఆప్షన్ మర్చిపోతే తగిలించి ఉన్న బ్యాకప్ డిస్కును కూడా కలిపి లెక్కేస్తుంది. ఉబుంటు 22.04 (లైనక్స్‌లో ఒక రకం)తో నాకు వచ్చింది ఎన్‌సీడీయూ పాత 1 సిరీస్. జిగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాసిన 2 సిరీస్‌కు మెమరీ తక్కువ పడుతుంది, 2.5 నుంచి ఒకేసారి చాలా త్రెడ్‌లతో స్కాన్ చేయగలదు. మార్చుకున్నాక, ఎస్‌ఎస్‌డీ కూడా పెట్టుకున్నాక, 25 నిమిషాల పని నిమిషంలో అవుతోంది. విండోస్ సర్వర్ ఉన్నవాళ్లకు ఇలాంటిదే అయిన విజ్‌ట్రీ ఇంకా వేగం, విండోస్ డిస్కులోని (ఎన్‌టీఎఫ్‌ఎస్) ఫైళ్ల పట్టికనే నేరుగా చదువుతుంది. అయితే వ్యాపారానికి వాడాలంటే లైసెన్సు కొనాలి.

మొన్న జనవరిలో, రోజూ రాత్రి రాసే సైజుల ఫైళ్లన్నీ కలిపి ఒక పేజీలో వేశాను. ఇప్పుడున్న డిస్కులో 350 జీబీ ఖాళీ. మామూలు నెలల్లో 25 జీబీ పెరుగుతోంది, పిక్కల సీజన్ నాలుగు నెలల్లో నెలకు 90. అంటే మార్చికి 300 మిగులుతుంది, జూన్‌లో నిండిపోతుంది. ఆ కాగితం ఓనరు గారి ముందు పెట్టాను. రెండు నిమిషాలు చూసి, "ఆ చీటీల రోజు మళ్లీ వద్దు బాబూ. డిస్కు ఎంతలో వస్తుందో కనుక్కో" అన్నారు.