రోజూ ఒక పేజీయా, ఊపొచ్చినప్పుడు యాభై పేజీలా?

నవల రాసేవాళ్లలో కొందరు రోజూ ఒకే వేళకి కూర్చుని, ఇంత అని రాసి లేస్తారు. కొందరు వారాల తరబడి కలం ముట్టరు. ముట్టారంటే తిండీ నిద్రా గుర్తుండవు. నేను ఊపు మీద రెండు నవలలు మొదలుపెట్టాను. ఒకటి అచ్చయింది, రెండోది ఇప్పటికీ 116వ పేజీ దగ్గరే ఉంది. మూడోది రోజువారీ పద్ధతిలో పూర్తిచేశాను. కాబట్టి నా తూకం కాస్త ఒకవైపు మొగ్గితే ఆశ్చర్యపోకండి.

తీరిక లేకపోవడం వల్లే ఊపు కోసం ఎదురుచూస్తున్నాం అంటాం గానీ, ఆ మాట పూర్తిగా నిలవదు. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ పోస్టల్ శాఖలో ఉద్యోగి. తెల్లవారుజామున 5.30కి బల్ల దగ్గర కూర్చుని, ఎదురుగా గడియారం పెట్టుకుని, పావుగంటకి 250 మాటల చొప్పున రాసేవారు. అలా 47 నవలలు రాశారు. ఈ సంగతి ఆయన పోయాక 1883లో వచ్చిన ఆత్మకథలో చదివి ముఖం చిట్లించిన విమర్శకులున్నారు. నాకు మాత్రం ఆ లెక్క కంటే పక్కనున్న చిన్న వివరం ముఖ్యం. మొదటి అరగంట ఆయన కొత్తగా ఏమీ రాయరు, నిన్నటిది చదువుకుంటారు.

జర్మన్ భాషలో రాసిన కాఫ్కాదీ ఉద్యోగమే, ప్రాగ్‌లో ప్రమాద బీమా సంస్థలో. 1912 సెప్టెంబరు 22 రాత్రి పదింటికి మొదలుపెట్టి, తెల్లారి ఆరింటికి ఒక కథ ముగించారు. కూర్చుని కూర్చుని కాళ్లు బిగుసుకుపోయి బల్ల కింద నుంచి బయటికి లాగడమే కష్టమైందని డైరీలో రాసుకున్నారు. రాస్తే ఇలాగే రాయాలని కూడా ఆయనకి అనిపించింది. అయితే అది కథ, ఒక రాత్రిలో పట్టింది. ఆయన నవలలు మూడు, మూడూ అసంపూర్తే. (పూర్తయిన ముప్పై నవలలిచ్చినా ఆ మూడింటినీ వదులుకోను, అది వేరే సంగతి.)

ఊపుతో వచ్చే చిక్కు ఆ ఊపులో లేదు, దానికీ తర్వాతి ఊపుకీ మధ్య వచ్చే విరామంలో ఉంది. నా 116వ పేజీలో శారద గడప మీద నిలబడి ఉంది, చేతిలో తాళంచెవి. పంతొమ్మిది రోజుల తర్వాత ఫైలు తెరిస్తే, ఆ తాళంచెవి ఎందుకిచ్చానో గుర్తు రాలేదు. సరే అని మొదటి నుంచి చదివాను. చదివి ఊరుకున్నానా, దిద్దడం మొదలుపెట్టాను. మొదటి అధ్యాయం మూడోసారి నునుపు తేలింది గానీ శారద గడప దాటలేదు. పైగా ఎనిమిదో అధ్యాయం దాకా వదినని ‘మీరు’ అన్న పిల్ల, తొమ్మిదిలో ‘నువ్వు’ అంటోంది. వాళ్ల మధ్య చనువు ఎప్పుడు పెరిగిందో నాకే తెలియదు. రోజూ రాసేవాడికి ఇలాంటివి వేళ్ల మీద ఉంటాయి, వెతుక్కోవక్కర్లేదు.

మరి రోజువారీ పద్ధతికి లోపం లేదా అంటే, రెండున్నాయి. మొదటిది మాటల లెక్క తెచ్చే దొంగపని. రోజుకి 300 మాటలు రాయాలి, 240 దగ్గర సరుకు అయిపోయింది. అప్పుడు పాత్ర లేచి వెళ్లి కిటికీ తెరుస్తుంది. నా మూడో నవల చిత్తుప్రతిలో ‘కిటికీ’ అని వెతికితే, ఆ ఇంట్లో గోడలు ఉండే వీల్లేదనిపించింది.

రెండోది ఇంకా మొండిది. లేచే ముందు ఒక మంచి వాక్యంతో ముగించాలనిపిస్తుంది. రోజుకో ముక్తాయింపు పడుతుంది. రెండు వందల రోజుల ముక్తాయింపులు వరసగా చదివేవాడికి చెవులు హోరెత్తుతాయి. దీనికి నాకు దొరికిన మందు, వాక్యాన్ని క్రియ పడకుండానే వదిలేయడం. ‘తలుపు తీసేసరికి ఎదురుగా’ అని రాసి లేచిపోతాను. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి ఈ చిట్కా మనకి బాగా కుదురుతుంది. మర్నాడు కూర్చోగానే ఆ క్రియ కోసం చెయ్యి తనంతట తానే కదులుతుంది.

ఇక లెక్క. రోజుకి 300 చొప్పున 80,000 మాటల నవలకి 267 రోజులు. వారానికో రోజు సెలవు తీసుకుంటే పది నెలలు దాటుతుంది. నీరసం తెప్పించే అంకెలే. అందుకే 26 రోజుల్లో నవల చెప్పి రాయించిన రష్యన్ రచయిత దోస్తొయెవ్‌స్కీని అందరూ తలుచుకుంటారు. 1866 నవంబరు 1 లోగా ఇవ్వకపోతే తన రచనల మీద హక్కులు తొమ్మిదేళ్లు ప్రచురణకర్తకి పోయే ఒప్పందం మీద సంతకం పెట్టారాయన. మెడ మీద కత్తి ఉంది, పక్కన స్టెనోగ్రాఫర్ ఉంది. కానీ ఆ నవల ఆలోచన 1863లోనే ఒక మిత్రుడికి ఉత్తరంలో రాశారు. మూడేళ్లు నానిన గింజ అది.

కాబట్టి నవల మొత్తానికి నా ఓటు రోజువారీ పద్ధతికే. ఊపుని మాత్రం కొన్ని సన్నివేశాలకి దాచిపెట్టుకోవాలి. అన్నదమ్ముల తగాదా ఏడు పేజీలుంటే దాన్ని నాలుగు రోజులు రాయకూడదు. మొదటి రోజు అన్నకొచ్చిన కోపం మూడో రోజుకి నాలో చల్లారిపోతుంది, తమ్ముడు ఎవరి మీద అరుస్తున్నాడో అర్థం కాదు. అలాంటిదాన్ని తలుపేసుకుని లేవకుండా ఒకే విడతలో తేల్చేయాల్సిందే. ఇప్పుడు రాస్తున్నదాంట్లో అలాంటివి రెండున్నాయి. మొదటిది వచ్చే ఆదివారం, ఆ రోజు నన్ను పిలవొద్దని ఇంట్లో చెప్పి ఉంచాను. సోమవారం నుంచి మళ్లీ 300.