454 ఎక్కించాలా, 350నే 383 చేయాలా?

అమెరికాలో ట్రైలర్ లాగే పాత షెవర్లే సబర్బన్ ఎస్‌యూవీలు చాలానే ఉన్నాయి. వాటిలోని 5.7 లీటర్ల 350 ఇంజిన్ (ఈ అంకెలు క్యూబిక్ అంగుళాల్లో ఇంజిన్ సైజు) ఘాట్ ఎక్కలేక ఆయాసపడుతుంటే దారులు రెండు.

ఒకటి, 7.4 లీటర్ల 454 బిగ్ బ్లాక్, అంటే షెవర్లేదే ఇంకా పెద్ద రకం ఇంజిన్. తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే గట్టిగా లాగుతుంది. పాత గేర్‌బాక్సుకు బోల్టులు సరిగ్గా కూర్చుంటాయి కూడా. అది చూసి సగం పని అయిపోయిందనుకుంటారు, పాపం! ఇంజిన్ బరువు 50 కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పెరుగుతుంది. మౌంట్లు, ఎగ్జాస్ట్, రేడియేటర్, ముందు స్ప్రింగులు అన్నీ చూసుకోవాలి. పాత ఫ్లెక్స్‌ప్లేట్ (ఇంజిన్‌ను గేర్‌బాక్సుకు కలిపే పలక) తగిలిస్తే బ్యాలెన్స్ కుదరక బండి వణుకుతుంది. పెట్రోలు ఖర్చు సరేసరి.

రెండోది 383, అంటే ఉన్న బ్లాక్‌నే కాస్త బోర్ చేయించి (సిలిండర్లు వెడల్పు చేయించి), పిస్టన్ ఇంకాస్త ఎక్కువ దూరం కదిలేలా 3.75 అంగుళాల స్ట్రోక్ క్రాంక్ వేయడం. బయటి భాగాలు దాదాపు అన్నీ పాతవే సరిపోతాయి. మెషిన్ షాపు పని మాత్రం తప్పదు.

సెలవుల్లో బోటు లాగేవాళ్లకు నా ఓటు 383కే. రోజూ బరువులు లాగాలంటే 454 ఉన్న పాత ట్రక్కును మొత్తంగా కొని విప్పుకోవడం మేలు. ఏది వేసినా కంపెనీ చెప్పిన టోయింగ్ పరిమితి పెరగదు, బ్రేకులు పాతవే కదా.