కారు నెత్తిన సైకిలు ఎక్కించే ముందు ఆ రూఫ్ రెయిల్స్ ఒకసారి ఊపి చూడండి

విజయనగరం, శ్రీకాకుళం చుట్టుపక్కల సైకిలు తొక్కేవాళ్లలో చిన్న కారు కొనే ఆలోచన ఉన్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్సు కట్టండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగాక షోరూముల్లో సందడే సందడి. ఆ ఊపులో సేల్స్ కుర్రాళ్లు నోటికొచ్చిందల్లా చెప్పేస్తున్నారు. రూఫ్ రెయిల్స్ అంటే కారు కప్పు మీద రెండు పక్కలా పొడవునా ఉండే కమ్మీలు. వాటి గురించి నాకు చెప్పింది ఇదీ: "సార్, రూఫ్ రెయిల్స్ కంపెనీ నుంచే వస్తాయి. క్యారియర్ మేమే బిగించి ఇస్తాం. రెండు సైకిళ్లేంటి, మూడైనా ఎక్కించుకోండి."

షోరూం పేరు, కారు పేరు ఇక్కడ రాయను. ఫిర్యాదు నడుస్తోంది. అయినా ఈ తంతు ఒక్క కంపెనీది కాదు.

మా ఇంట్లో రెండు సైకిళ్లు, నాదొకటి, మా అబ్బాయిదొకటి. ఆదివారం తెల్లవారుజామున ఎస్.కోట దాకా కారులో పోయి, అక్కడ సైకిళ్లు దించుకుని అనంతగిరి ఘాట్ ఎక్కుదామని మా సరదా. ఇక్కణ్నుంచే తొక్కుకుంటూ పోతే ఘాట్ మొదలయ్యేసరికి కాళ్లలో సత్తువుండదు. పైగా లారీల మధ్య పిల్లాణ్ని తొక్కించడం నాకు ఇష్టం లేదు. అంటే కారు కొన్నదే సైకిళ్ల కోసం. షోరూంలో కూర్చోగానే చెప్పిన మొదటి మాట కూడా అదే.

అలా సైకిళ్లు పైకెక్కించి బయల్దేరితే, జామి దాటాక ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర నెత్తిమీద టప్పుమంది. దిగి చూస్తే ఎడంవైపు రెయిల్ వెనక కొస రెండు వేళ్ల ఎత్తున పైకి లేచి ఉంది. క్యారియర్ అడ్డకమ్మీ ఒక పక్కకి ఒరిగిపోయింది. రెండు సైకిళ్లూ రోడ్డు వారకి వాలిపోయాయి, మా వాడి సైకిలు పెడల్ రూఫ్ మీద జానెడు పొడవున పెయింటు లేపేసింది. ఆ దెబ్బకి సైకిలు జారి వెనకొచ్చే బండివాడి మీద పడుంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. సైకిళ్లు దించి అక్కడి టీ కొట్టులో పెట్టి, ఖాళీ కారుతో వెనక్కొచ్చేశాం.

మర్నాడు షోరూంకి పోతే సర్వీస్ అడ్వైజర్ చల్లగా, "అవి స్టైలింగ్ కోసం సార్, లోడ్ కోసం కాదు. మాన్యువల్లో ఉంది కదా" అన్నాడు. అమ్మేటప్పుడు గుర్తురాని మాన్యువల్ వారంటీ అడిగేసరికి గుర్తొచ్చింది. మరి క్యారియర్ బిగించింది మీరే కదా అంటే బిల్లు తీసి చూపించాడు. 'రూఫ్ క్యారియర్, ఫిట్టింగ్‌తో' అని ఉంది. సైకిళ్ల కోసమని ఎక్కడా లేదు. పోయిన పెయింటుకి బదులుగా ఒక వాటర్ వాష్ ఫ్రీగా చేస్తారట!

అక్కణ్నుంచి కారు డెంటింగ్ షెడ్డుకి తీసుకుపోయాను. మేస్త్రి ఆ రెయిల్ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. బోలు ప్లాస్టిక్. అడుగున రెండు వరసల డబుల్ టేపు, మధ్యమధ్యన ప్లాస్టిక్ క్లిప్పులు, అందులో కొన్ని విరిగిపోయాయి. బోల్టు అన్నదే లేదు. "ఇది బొట్టుబిళ్ల బావూ. అందానికెట్టినారు. దీని మీద బరువెట్టమన్నోడెవుడు?" అన్నాడు.

బరువు మోసే రెయిల్ లోహంతో ఉంటుంది, రూఫ్ కింద ఉన్న గట్టి భాగానికి బోల్టులతో బిగించి ఉంటుంది. రెండు చేతులతో పట్టుకుని ఊపితే కారు ఊగాలి గానీ రెయిల్ కదలకూడదు. రెయిల్‌కీ రూఫ్‌కీ మధ్య వేళ్లు దూరే ఖాళీ ఉంటే గట్టిదేనని కొందరంటారు. అదొక్కటే నమ్మకండి, ఖాళీ ఉన్న ఉత్తుత్తి రెయిల్స్ కూడా ఉంటాయి. మాన్యువల్లో రూఫ్ మీద ఎంత బరువు పెట్టొచ్చో వెతకండి. ఆ అంకె లేకపోతే పెట్టొద్దు. ఉంటే, క్యారియర్ బరువు కూడా అందులోకే వస్తుందని మర్చిపోవద్దు. మామూలు గేర్ సైకిలు ఒక్కోటి పద్నాలుగు, పదిహేను కిలోలు తూగుతుంది. రెండిటికీ ఇనప క్యారియర్ కలిపితే నలభై దగ్గరికి పోతుంది. ఆపైన హైవే మీద ఎదురుగాలి లాగే లాగుడు వేరు. రెయిల్స్ లేని కార్లకి డోర్ ఫ్రేముని పట్టుకునే క్లాంపులతో అడ్డకమ్మీలు దొరుకుతాయి, మీ మోడల్ కోసం చేసినవైతేనే తీసుకోండి. ఇంకో సంగతి, పైన సైకిలు నిలబెడితే మొత్తం ఎత్తు రెండున్నర మీటర్లు దాటిపోతుంది. అపార్టుమెంటు సెల్లార్లోకి అలవాటుగా దూరిపోయారంటే సైకిలూ పోతుంది, రూఫూ పోతుంది.

వెనక డోరుకి బెల్టులతో కట్టే స్టాండు చవగ్గా వస్తుంది కదా అంటారేమో. దాని కొక్కేలు రేకు అంచుకి తగలాలి. చాలా చిన్న కార్లకి అక్కడ ప్లాస్టిక్ స్పాయిలర్ (రూఫ్ వెనక అంచున పొడుచుకొచ్చే రెక్క) ఉంటుంది, దాని మీద బరువు పడితే విరుగుతుంది. పైగా సైకిళ్లు నంబర్ ప్లేటునీ వెనక లైట్లనీ కప్పేస్తాయి. నాతవలస టోల్ దగ్గర చలానా రాస్తే పోలీసుల్ని తిట్టుకుని లాభం లేదు.

అందుకే నా మాట, సైకిలు కారు లోపలే పట్టాలి. బ్రోషర్లో డిక్కీ ఎన్ని లీటర్లో చూసి నిర్ణయించకండి, అది సీట్లు నిలబెట్టి ఉన్నప్పటి లెక్క. మీకు కావలసింది డిక్కీ నోరు ఎంత వెడల్పు, సీటు మడిచాక ముందు సీటు వీపు దాకా ఎంత పొడవు అన్నది. ముందు చక్రం తీసేసినా పెద్దవాళ్ల సైకిలు నాలుగున్నర అడుగుల దాకా ఉంటుంది. వెనక సీటు 60:40గా, అంటే రెండు ముక్కలుగా విడివిడిగా మడతపడితే సైకిలు పక్కన ఒక మనిషి కూర్చోవచ్చు, అయితే ఇది అన్ని వేరియంట్లకీ రాదు. మారుతి వ్యాగన్ ఆర్ డిక్కీ 341 లీటర్లు, నిటారుగా ఉండే కారు కాబట్టి ఎత్తు కలిసొస్తుంది. రెనో ట్రైబర్ పొడవు నాలుగు మీటర్ల లోపే, మూడో వరస సీట్లు పీకేస్తే 625 లీటర్లు. సెడాన్ల జోలికి పోకండి, డిక్కీ ఎంత పెద్దదైనా నోరు చిన్నది. సీఎన్‌జీ అయితే మరీ జాగ్రత్త. డిక్కీలో సిలిండర్ అడ్డంగా కూర్చుంటే సీటు మడిచినా ప్రయోజనం లేదు. టాటా వాళ్లు రెండు చిన్న సిలిండర్లు డిక్కీ అడుగున పెడుతున్నారు, అక్కడ కొంత నయం.

టెస్ట్ డ్రైవ్‌కి పోయేటప్పుడు సైకిలు వెంట తీసుకుపోండి. మీరు కొనబోయే వేరియంట్లోనే ఎక్కించి చూడండి, పై వేరియంట్లో చూపించి కింది వేరియంట్ అంటగట్టడం మామూలే. లోపల పెట్టేటప్పుడు గేర్లున్న వైపు పైకి ఉండాలి, లేకపోతే డీరైలర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే భాగాన్ని పట్టి ఉంచే చిన్న ముక్క) వంగిపోతుంది. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకైతే చక్రం తీశాక లివర్ నొక్కకండి, ప్యాడ్లు దగ్గరకొచ్చి బిగుసుకుంటాయి. ప్యాడ్ల మధ్యలో మందపాటి అట్టముక్క దూర్చినా సరిపోతుంది.

సేల్స్‌వాడు నోటితో చెప్పిన ప్రతిదీ వాట్సాప్‌లో రాయించుకోండి. క్యారియర్ బిల్లు మీద 'రెండు సైకిళ్ల కోసం' అని ఉండాల్సిందే. రాయనంటే ఆ క్యారియర్ కొనొద్దు. ఇప్పటికే నాలా ఇరుక్కున్నవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, రెండేళ్ల లోపు వెయ్యాలి. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కారు విలువ అంతకు మించినా నా గొడవ క్యారియర్ గురించే కాబట్టి ఆ బిల్లు, ఫోటోలు, ఊడొచ్చిన రెయిల్ జాగ్రత్తగా దాచి పెట్టాను.