చిత్తూరు లాయరు ఆఫీసులో స్కానరు, ఓసీఆర్, హ్యాష్: మూడేళ్లు వాడాక

2022 మామిడి సీజన్ ముగిశాక, ఒక గుజ్జు ఫ్యాక్టరీ నుంచి రావాల్సిన బాకీ కోసం తోతాపురి రైతులు మా సీనియర్ గారి దగ్గరికొచ్చారు. గోనెసంచి నిండా కాటా చీటీలు, లారీ బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తెచ్చారు. లెక్కపెడితే 1,900 పేజీలు దాటాయి. ఆ కేసు కోసమే షీట్లు తనంతట తానే లాక్కునే స్కానరు కొన్నాం, టెసెరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ (స్కాన్ బొమ్మలోని అక్షరాలను వెతకడానికి వీలైన టెక్స్ట్‌గా మార్చేది) పెట్టుకున్నాం. అప్పటి నుంచి రోజూ వాటి ముందు కూర్చునేది నేనే.

కేసుకు పనికొచ్చే రికార్డుల్ని ఇలా కంప్యూటర్‌తో వెతికి తీయడాన్ని పెద్ద నగరాల లా ఫర్ములు ఈ-డిస్కవరీ అంటాయి. అమెరికాలో 2006 డిసెంబరులో ఫెడరల్ సివిల్ నిబంధనలు సవరించి ఎలక్ట్రానిక్ సమాచారాన్ని డిస్కవరీలోకి, అంటే కేసు కాగితాలను అవతలి పక్షానికి చూపించాల్సిన ప్రక్రియలోకి తెచ్చారు. అక్కడ లక్షల ఈమెయిళ్లను సాఫ్ట్‌వేరే జల్లెడ పడుతుంది. మన సీపీసీలో (సివిల్ ప్రొసీజర్ కోడ్) డిస్కవరీ గురించి ఆర్డర్ 11 ఎప్పటి నుంచో ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డుల సంగతి మాత్రం కమర్షియల్ దావాల వరకు 2015 కమర్షియల్ కోర్టుల చట్టంతో విడిగా చేరింది. మాలాంటి ఆఫీసుకు కావలసింది ఇంతే: వెతికిన కాగితం దొరకాలి, దొరికింది కోర్టులో నిలబడాలి.

వెతకడం విషయంలో నేను పూర్తి సంతృప్తిగా ఉన్నాను, కొన్ని షరతులతో. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేసిన ప్రింటు తెలుగు బాగానే వస్తుంది. చేతిరాత రాదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. కాటా చీటీల్లో సగం చేతిరాతే కాబట్టి ఫైలు పేరులోనే తేదీ, రైతు పేరు, బరువు టైపు చేశాను. పదకొండు రోజులు పట్టింది. ఆ తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్ రోజున సార్ "జూన్ 14 చీటీ ఎక్కడ?" అంటే అర నిమిషంలో చేతిలో పెట్టాను.

సర్వే నంబర్ల దగ్గర మాత్రం కళ్లు పెట్టుకుని చూడాలి. 213 కాస్తా 218 అవుతుంది. పేర్లయితే వెంకటరమణ, వెంకట్రమణ రెండూ ఒకే ఫైల్లో ఉంటాయి, అందుకే నేను 'రమణ' అని మాత్రమే వెతుకుతాను. డీటీపీ సెంటర్లో పాత ఫాంట్లలో టైపు చేసిన పీడీఎఫ్‌లు ఇంకో రకం. చూడ్డానికి చక్కటి తెలుగు, కాపీ చేస్తే పిచ్చి గుర్తులు. వాటిని బొమ్మలుగా మార్చి మళ్లీ ఓసీఆర్ చేయాల్సిందే.

ఇక హ్యాష్, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి అక్షరాల వరస. మూడేళ్లలో మాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు. విండోస్‌లో ఉండే సర్ట్‌యుటిల్ కమాండ్‌తో ఏ ఫైలుకైనా షా-256 అనే పద్ధతిలో హ్యాష్ విలువ తీయొచ్చు. 64 అక్షరాలు వస్తాయి. ఫైల్లో ఒక్క బిట్ మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది.

దీని విలువ నాకు ఒక వీడియోతో తెలిసింది. కాటా దగ్గర తూకం చూపిస్తూ ఒక రైతు కొడుకు తీసిన వీడియో అది. "వాట్సాప్‌లో పంపిచ్చినాను గదన్నా, ఇంకా ఫోనెందుకు?" అన్నాడు. ఫోన్ తెప్పించి, కేబుల్‌తో కాపీ చేసి రెండిటికీ హ్యాష్ తీశాను. ఎక్కడా పొంతన లేదు. వాట్సాప్ వీడియోను కుదించి పంపుతుంది, కాబట్టి మనకు చేరేది వేరే ఫైలు. కాటా మీది అంకెలు కూడా అందులో మసకగా ఉన్నాయి. ఆ రోజు నుంచి మా ఆఫీసులో ఒకటే రూలు: ఫోన్‌తో సహా రండి, రాలేకపోతే డాక్యుమెంట్‌గా పంపండి, ఫోన్‌లోది మాత్రం డిలీట్ చేయొద్దు. ఫోన్ మార్చేసుకుని వచ్చే క్లయింట్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. వాళ్ల దగ్గర న్యాయం ఉంటుంది, చూపించడానికి ఏమీ ఉండదు.

ఇక కోర్టులో నిలబడే సంగతి. ఆ కాపీ ఏ పరికరం నుంచి ఎలా తీశామో చెప్పే సర్టిఫికెట్ లేని ఎలక్ట్రానిక్ కాపీ సాక్ష్యంగా చెల్లదని 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అసలు పరికరాన్నే యజమాని బోనులో చూపిస్తే అప్పుడు అవసరం లేదు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో ఈ సర్టిఫికెట్ సెక్షను 65బి(4). 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 63(4). సర్టిఫికెట్ కొత్త నమూనాలో హ్యాష్ విలువ రాయడానికి చోటుంది, భాగం-ఎ మనం, భాగం-బి ఎక్స్‌పర్ట్ సంతకం చేయాలి. ఆ తేదీకి పెండింగ్‌లో ఉన్న కేసులకు పాత చట్టమే, అందుకే మా బీరువాలో రెండు నమూనాలూ ఉన్నాయి. చిత్తూరు లాంటి ఊళ్లో భాగం-బికి ఎవర్ని పట్టుకోవాలన్నది ప్రతిసారీ టెన్షనే. హ్యాష్ మనమే తీయగలం, ఎక్స్‌పర్ట్‌ను మనం తయారుచేయలేం.

కొనాలనుకునేవాళ్లకు ఒక మాట. స్కానరు రోలర్లు ఈ మూడేళ్లలో ఒకసారి మార్చాం, గోనెసంచి దుమ్ముకు అవి త్వరగా అరిగిపోతాయి. పాత దస్తావేజులు మాత్రం అందులో పెట్టొద్దు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఇక్కడ చాలా భాగం ఉత్తర ఆర్కాటులో ఉండేది, అందుకని తమిళంలో రాసిన పాత కాగితాలు ఇప్పటికీ దావాల్లో వస్తుంటాయి. పోయిన వారం అలాంటి కట్ట ఒకటి వచ్చింది, మడతల దగ్గర ముట్టుకుంటేనే రాలుతోంది. ఒక్కో కాగితాన్నీ ఫ్లాట్‌బెడ్ అద్దం మీద పరిచి స్కాన్ చేస్తున్నాను, ఇంకా నలభై ఉన్నాయి.